చేత్తో చేసే చిన్న బొమ్మలు: నెల్లూరు, ఒంగోలు వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే డౌట్లు

నేనుండేది నెల్లూరు. టేబుల్ మీద ఆడుకునే ఆటలకి, షోకేసులో పెట్టుకోవడానికి బొటనవేలంత బొమ్మలు పుట్టీతో, అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీ ముద్దతో చేస్తుంటాను. బొమ్మ చూపించిన ప్రతిసారీ అవే ప్రశ్నలు, అవే జవాబులు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇలా ఒకచోట రాసి పెట్టాను. మీకు ఏది కావాలో ఆ ప్రశ్న దగ్గరికి పోండి, వరసగా చదవాల్సిన పనిలేదు.

## మొదలుపెట్టే ముందు

అన్నా, 28 ఎంఎం అంటారు, 32 అంటారు, ఇంకోచోట 1/72 అంటారు. ఏంది ఈ లెక్క?

28 ఎంఎం అంటే నిలబడిన మనిషి బొమ్మ పాదం నుంచి కంటి దాకా 28 మిల్లీమీటర్లు. కొంతమంది తల పైదాకా కొలుస్తారు, అందుకే రెండు కంపెనీల 28 పక్కపక్కన పెడితే ఒకటి అన్న, ఒకటి తమ్ముడు లాగా ఉంటాయి. చేతిలో స్కేలు లేకపోతే పది రూపాయల బిళ్ల నిలబెట్టండి, దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు, మీ బొమ్మ కళ్లు దాదాపు ఆ అంచు దగ్గరికి రావాలి. 1/72 లాంటివి నిష్పత్తి, అసలు మనిషిని 72 వంతులు చేస్తే ఒక వంతు. ఆటలకి 28 లేదా 32, షోకేసు బొమ్మకి 54 ఎంఎం ఎక్కువగా నడుస్తాయి. మొదటి మనిషి బొమ్మ మాత్రం 54లో చేయండి, పెద్దది కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో కంటికి కనబడుతుంది.

నాకు బొమ్మ గీయడమే రాదు, ఇది వస్తదా?

వస్తుంది. గీయడం వేరు, ముద్ద పట్టుకుని తిప్పి తిప్పి చూస్తూ సరిచేయడం వేరు. నేను అందరికీ చెప్పే మొదటి పని పులిజూదం సెట్టు చేయమని. మూడు పులులు, పదిహేను మేకలు, పలక మీద 23 గీతల కూడళ్లు. మొదటి మేక కుక్కలాగా వస్తుంది, నాలుగోది పందిలాగా వస్తుంది, ఏం కంగారుపడొద్దు, ఆటలో అవన్నీ మేకలే కదా. పదిహేనోది చేసేసరికి చేతికి పుట్టీ ఎంత నొక్కితే ఎంత జరుగుతుందో తెలిసిపోయి ఉంటుంది. పైగా ఇంట్లో తాతకి కూడా ఆ ఆట వచ్చుంటుంది, కాబట్టి ఆడుకోవడానికి మనిషి కోసం వెతకక్కర్లేదు. డ్రాగన్లు, కత్తి పట్టిన వీరులు తర్వాత.

మొత్తం ఎంతవుతుంది?

మొదటి నెల వెయ్యి రూపాయలు దాటించొద్దు. పుట్టీ, బొమ్మ లోపల ఎముకల్లా ఉండే కాస్త తీగ, సూదులు, బ్లేడు, వాజిలైన్, ఒక పాత టైల్ ముక్క. ఆన్‌లైన్లో ముప్పై పనిముట్ల సెట్టు చూసి మనసు లాగుతుంది, నేనూ కొన్నాను, అందులో వాడేది రెండే.

## పుట్టీ, మట్టి

ఎం-సీల్‌తో అయిపోతుందా, గ్రీన్ స్టఫే తెప్పించాలా?

నేర్చుకోవడానికి ఎం-సీల్ చాలు, ఏ హార్డ్‌వేర్ షాపులో అయినా దొరుకుతుంది. కాకపోతే దానికి పట్టే గుణం ఎక్కువ, సూదితో లాగితే సూదినే పట్టుకుని వచ్చేస్తుంది, త్వరగా బిగుస్తుంది, పల్చగా చేసిన చోట టప్పున విరుగుతుంది. బాగుండేది ఎక్కడంటే ఆరాక రాయిలా ఉంటుంది కాబట్టి ఆకురాయితో, ఎమెరీ పేపర్‌తో చక్కగా అరుగుతుంది. కత్తులు, పెట్టెలు, రాళ్లు, బొమ్మ లోపలి లావు అన్నీ దీంతో లాగించొచ్చు.

గ్రీన్ స్టఫ్ నీలం, పసుపు రెండు రంగుల రిబ్బన్‌లా వస్తుంది, కలిపితే ఆకుపచ్చ, పేరు అందుకే. ఇది ఆరిన తర్వాత కూడా కొంచెం రబ్బరులా వంగుతుంది, కాబట్టి పల్చటి అంగీ అంచు, వేలు, జుట్టు పోచ విరగవు. అదే గుణం వల్ల అరగదీద్దామంటే అరగదు, పోగులు పోగులుగా లేస్తుంది. పసుపు భాగం ఎక్కువ కలిపితే మెత్తగా, జిగటగా ఉండి ఎక్కువసేపు పనికొస్తుంది, నీలం ఎక్కువైతే గట్టిగా, త్వరగా బిగుస్తుంది. వేల్స్ దేశంలో తయారయ్యే మిల్లీపుట్ అనే పుట్టీ కూడా రెండు భాగాలే, గుణంలో ఈ రెండింటికీ మధ్యలో, నీళ్లతో నున్నగా చేసుకోవచ్చు. నేను ముఖానికి, బట్టలకి గ్రీన్ స్టఫ్, మిల్లీపుట్ సగం సగం కలిపి వాడతాను. రెండింటినీ విడివిడిగా పూర్తిగా కలిపాకే ఒకదాంట్లో ఒకటి కలపాలి, నాలుగు రంగులూ ఒకేసారి పిసికితే ఎక్కడో ఒకచోట ఆరకుండా మిగులుతుంది.

మన దగ్గర క్రాఫ్ట్ షాపుల్లో దొరికే షిల్ప్‌కార్, మౌల్డిట్ కూడా రెండు భాగాలు సమంగా కలిపేవే. పెద్ద బొమ్మలకి, బేసులకి (బొమ్మ నిలబడే పీటలకి) బాగుంటాయి. 28 ఎంఎం ముఖానికి మాత్రం నాకు నచ్చలేదు.

ప్యాకెట్ మీద గంటన్నర టైము అని ఉంది, నాకు అరగంటకే బిగుసుకుపోతా ఉంది. నకిలీదా?

నకిలీ కాదు, మే నెల. ఆ ప్యాకెట్ మీద రాసే టైము చల్లని దేశంలో గది వేడికి, అంటే 20, 25 డిగ్రీలకి. ఎపాక్సీ ఏదైనా పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు వేగంతో బిగుస్తుంది, ఇది లెక్క. రోహిణి కార్తెలో మన ఇంట్లో ఫ్యాను కింద కూడా 38 ఉంటే ఆ గంటన్నర ఎక్కడ మిగులుతుంది చెప్పండి. ఈ పనిలో వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే, చెయ్యి రాలేదనుకుంటారు, కానీ తప్పు చెయ్యిది కాదు, ఎండది.

ఎండాకాలం నేను తెల్లారి ఐదింటికి కూర్చుంటాను. బఠాణీ గింజంత మాత్రమే కలుపుతాను. అందులో కూడా సగం చిన్న ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రీజర్లో పెడతాను, చల్లబడితే బిగుసుకోవడం బాగా నెమ్మదిస్తుంది, మొదటి సగం అయ్యాక అది తీసి వాడతాను. పక్కన ఐసు నీళ్ల గిన్నె, వేళ్లు, సూదులు అందులో ముంచుకుంటూ పోవడమే. ఈ ఎండే ఇంకో రకంగా లాభం: తీగ మీద లావు పెట్టేసి కిటికీ గట్టు మీద ఎండలో పెడితే చలిదేశం వాళ్లు ఒక రాత్రి ఆగేది మనం మధ్యాహ్నానికే తర్వాతి పొర మొదలుపెట్టొచ్చు. డిసెంబరు ముసురులో మాత్రం తిరగబడుతుంది, అప్పుడు టేబుల్ లైటు దగ్గర పెట్టండి.

సమంగానే కలిపాను, మధ్యలో ఇసుకలాగా గింజలు తగులుతున్నాయి

రిబ్బన్‌లో నీలం, పసుపు ఒకదానికొకటి ఆనుకున్న చోట అవి ప్యాకెట్లోనే కొంచెం ఆరిపోయి ఉంటాయి. మధ్య గీత వెంబడి ఒకటి రెండు మిల్లీమీటర్లు బ్లేడుతో కోసి పారేయండి, పిసినారితనం చేయొద్దు. రెండు రంగులు విడిగా ఉన్న ప్యాకెట్ దొరికితే అదే కొనండి, కొన్నాక ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంట్లో వాళ్లు చూయింగ్ గమ్ అనుకోకుండా డబ్బా మీద పేరు రాయండి, నవ్వులాటకి చెప్పడం లేదు.

పాలిమర్ క్లే కాల్చడానికి వంటింట్లో ఓటీజీ వాడొచ్చా?

పాలిమర్ క్లే అంటే ఓవెన్లో కాలిస్తే గట్టిపడే ముద్ద. దానికి ఓటీజీ వాడొచ్చు, కానీ ఓవెన్ థర్మామీటర్ కొనండి, డయల్‌ని నమ్మొద్దు. స్కల్పీ బ్రాండుకి 130 డిగ్రీలు, మందం ఆరు మిల్లీమీటర్లకి పావుగంట చొప్పున. ఫిమో బ్రాండు అయితే 110 డిగ్రీలకి అరగంట. ఇది పీవీసీ ప్లాస్టిక్ కాబట్టి మాడితే వచ్చే పొగ ముక్కుని, గొంతుని కోసేస్తుంది, వాసన తేడాగా వస్తే స్విచ్చి ఆపి కిటికీలు తెరిచి బయటికి వచ్చేయండి. వంట చేసేటప్పుడు మాత్రం తిండి, క్లే రెండూ ఒకేసారి లోపల పెట్టొద్దు.

ఇంకొకటి, ఈ క్లే కాల్చేదాకా ఆరదు కదా అని ఎండాకాలం తీరిగ్గా చేసుకోవచ్చనుకుంటారు. వేడికి వెన్నలా అయిపోతుంది. ఒకసారి కొత్త ప్యాకెట్ స్కూటర్ డిక్కీలో పెట్టి మర్చిపోయి గంట తర్వాత తీశాను, పైన గట్టిగా అటుకులు అటుకులుగా, లోపల జిడ్డుగా అయ్యింది, సగం సగం కాలిపోయిందన్నమాట.

చెరువు మట్టితో కుదరదా? బొమ్మల కొలువు బొమ్మలు మట్టివే కదా

జానెడు బొమ్మకి బ్రహ్మాండంగా కుదురుతుంది. బొటనవేలంత బొమ్మకి కుదరదు. మట్టి ఆరేటప్పుడు కుంచించుకుంటుంది, లోపల తీగ కుంచించుకోదు, దాంతో మోకాలి దగ్గర, మెడ దగ్గర పగుళ్లు. భంగిమలు ప్రాక్టీసు చేసుకోవడానికి మట్టి వాడండి, ఖర్చు లేదు, నచ్చకపోతే మళ్లీ పిసికేయొచ్చు.

చెక్కతో చెక్కితే?

ఉదయగిరి చెక్క చెంచాలు చూసిన ఎవరికైనా ఈ ఆశ పుడుతుంది, అంత సన్నని జాలీ పిడికి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే ముద్ర) ఊరికే రాలేదు. కానీ పుట్టీలో తప్పు చేస్తే అతికించొచ్చు, చెక్కలో తెగిన ముక్కు తెగినట్టే. 28 ఎంఎంలో చెక్క పొర అడ్డం వచ్చి చేతులు ఊడిపోతాయి. మూడు నాలుగు అంగుళాల బొమ్మకైతే మెత్తటి పొణికి చెక్కతో ప్రయత్నించండి, కొండపల్లి వాళ్లు వాడేది అదే.

## తీగ, శరీరం

లోపల ఏ తీగ వాడాలి, ఎక్కడ దొరుకుతుంది?

బోరు మోటార్లు రిపేరు చేసే వైండింగ్ షాపుకి పోండి. పాత కాయిల్లోంచి తీసిన రాగి తీగ మూర ముక్క అడిగితే చాలామంది ఊరికే ఇస్తారు. 20 గేజ్ అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్లు, 28 ఎంఎం శరీరానికి సరిపోతుంది, చేతులకి ఇంకొంచెం సన్నది. దాని మీద వార్నిష్ పూత నున్నగా ఉండి పుట్టీ జారిపోతుంది, ఎమెరీ పేపర్‌తో ఒకసారి గీకండి. తీగ వంచాక దాని మీద ముందు పల్చగా కొంచెం పుట్టీ రుద్ది ఆరనివ్వండి, అసలు లావు దాని మీద పెట్టండి. ఈ ఒక్క పని చేయకపోతే పొట్ట నొక్కినప్పుడల్లా మొత్తం బొమ్మ తీగ చుట్టూ గిరగిరా తిరుగుతుంది. కాళ్ల తీగ కింద రెండు అంగుళాలు ఎక్కువ ఉంచి సీసా కార్కుకి గుచ్చండి, పట్టుకోవడానికి పిడి అదే.

నా బొమ్మలు కోతుల్లాగా వస్తున్నాయి, ఎందుకు?

చేతులు పొడుగు, కాళ్లు పొట్టి అయ్యుంటాయి, అందరికీ అదే. మీరే గోడకి ఆనుకుని నిలబడి చూసుకోండి. మొత్తం ఎత్తులో సగం తొడలు కలిసే చోటు. చేతులు వదిలేస్తే మణికట్టు కూడా ఇంచుమించు అక్కడికే వస్తుంది, మోచేయి నడుము దగ్గర. చేతులు బార్లా చాస్తే ఆ వెడల్పు మీ ఎత్తుకి సమానం. నిజమైన మనిషి ఏడున్నర తలల ఎత్తు ఉంటాడు, ఆట బొమ్మల్లో తల, అరచేతులు కావాలనే పెద్దవి చేసి ఆరు తలలకి దించుతారు, మూడడుగుల దూరం నుంచి కనబడాలి కదా. తీగ మీద ఈ కొలతలకి స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టుకోండి. తీగ దశలో తప్పు ఉంటే ఎంత పుట్టీ పూసినా దాగదు.

ఒంగోలు గిత్తని చేయాలని ఉంది

మన వైపు వాళ్లందరికీ ఉంటుంది. బ్రెజిల్లో కూడా ఈ జాతిని మన ఊరి పేరుతో నెలోర్ అనే పిలుస్తారు. పెద్ద గిత్త ఇంచుమించు ఒకటిన్నర మీటరు ఎత్తు, 28 ఎంఎం మనిషి పక్కన నిలబెట్టాలంటే 26 మిల్లీమీటర్లు వస్తుంది. తీగ రెండు ముక్కలు: ముందు కాళ్లకి ఒక వంపు, వెనక కాళ్లకి ఒక వంపు, వెన్ను వెంబడి మెలిపెట్టి కట్టండి. జనం తప్పు చేసేది మూపురం దగ్గర, దాన్ని వీపు మధ్యలో పెట్టేస్తారు, ఒంటె అయిపోతుంది. అది ముందు కాళ్లకి సరిగ్గా పైన, భుజం మీద ఉండాలి. గంగడోలు గడ్డం కింద మొదలై ముందు కాళ్ల మధ్య దాకా మడతలు మడతలుగా వేలాడాలి, దాన్ని శరీరం ఆరాక విడిగా పల్చటి పొరగా అంటించండి. కొమ్ములు పొట్టిగా, మొద్దుగా. పొడుగు కొమ్ములు పెడితే మైసూరు వైపు ఎద్దులాగా ఉంటుంది, ఒంగోలు వాళ్లు ఊరుకోరు.

## ముఖం, బట్టలు

ముఖం ఎలా చేస్తారు? నాకు ప్రతిసారీ గుడ్డులాగా మిగిలిపోతోంది

28 ఎంఎంలో తల నాలుగైదు మిల్లీమీటర్లు, మిరియం గింజంత. ముందు పుర్రె ఒక్కటే గట్టిగా ఆరనివ్వండి. దాని ముందు వైపు పల్చగా కొత్త పుట్టీ వేసి పది నిమిషాలు ఆగండి, వెంటనే ముట్టుకుంటే సాగుతుంది. తల ఎత్తులో సరిగ్గా సగం దగ్గర సూదిని పడుకోబెట్టి అడ్డంగా ఒక్కసారి నొక్కండి, కనుబొమ మెట్టు వస్తుంది. కళ్లు ఉండేది ఆ సగం దగ్గరే, కొత్తవాళ్లు నుదుటి మీద పెట్టేస్తారు. గుండ్రటి మొన ఉన్న పనిముట్టుతో రెండు గుంటలు. మధ్యలో ఆవగింజలో సగం ముద్ద, ముక్కు. దాని పై అంచుని నుదుట్లోకి, పక్క అంచుల్ని బుగ్గల్లోకి తుడిచేసి కింద అంచు ఒక్కటి వదిలేయండి. నోటికి బ్లేడు మొనతో చిన్న గీత, దాని కింద సూదితో ఒక నొక్కు, అంతే, కింది పెదవి దానంతట అదే పైకి లేస్తుంది. ఇక్కడ ఆపి ఆరబెట్టండి.

మర్నాడు కళ్లు. బొంబాయి రవ్వ గింజంత ముద్ద ఒక్కో గుంటలో పెట్టి, మధ్యలో బ్లేడుతో అడ్డంగా చీల్చి, చీలికని సూదితో కాస్త పైకీ కిందికీ తెరిస్తే రెప్పలు. ఈ పని చేసేటప్పుడు నేను ఊపిరి బిగబడతాను. రెండో కన్ను ఎప్పుడూ మొదటిదానిలా రాదు, ఇన్నేళ్లకీ అంతే, అందుకే మా బొమ్మల్లో టోపీ వంచి పెట్టుకున్నవాళ్లు, ఒంటికన్ను దొంగలు ఎక్కువ.

వేలిముద్రలు పడిపోతున్నాయి

వేలికి, పనిముట్టుకి రవ్వంత వాజిలైన్ లేదా నీళ్లు. ఎక్కువ పూస్తే తర్వాతి పొర అంటుకోదు, ఆరాక సబ్బు నీళ్లతో పాత టూత్ బ్రష్ పెట్టి కడగండి. ఎం-సీల్ అయితే నీళ్లే చాలు.

పంచె, చీర మడతలు సహజంగా రావట్లేదు

మడత ఎక్కడి నుంచి పుడుతుందో చూడకుండా గీతలు గీసేస్తే జీబ్రా చారలే వస్తాయి. గుడ్డ ఎక్కడో ఒకచోట పట్టుబడి ఉంటుంది, మోకాలో, భుజమో, నడుము ముడో, మడతలన్నీ అక్కడి నుంచే బయలుదేరతాయి. అద్దం ముందు పంచె కట్టుకుని ఆ భంగిమలో నిలబడి ఫోటో తీసుకోండి. పుట్టీని వాజిలైన్ రాసిన టైల్ మీద అప్పడంలా పల్చగా ఒత్తి, అరగంట ఆగి, కొంచెం బిగిశాక బొమ్మకి చుట్టండి. లోతైన మడతలు ముందు, చిన్నవి తర్వాత, కొన్నిచోట్ల ఏమీ లేకుండా వదిలేయాలి.

ఏ పనిముట్లు కొనాలి?

దబ్బనం ఒకటి, సన్న సూది ఒకటి, రెండూ పెన్సిల్ చెక్కలో దిగ్గొట్టండి. నెయిల్ ఆర్ట్‌కి అమ్మే గుండ్రటి మొన పుల్లలు. పళ్ల డాక్టర్లు మైనం చెక్కే స్టీలు కార్వర్ ఒకటి, నా పనిలో ముప్పాతిక వంతు దానితోనే. వాచీ రిపేరు వాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం. ఇంతే.

## రంగు, బేస్

స్ప్రే ప్రైమర్ కొడితే గరుకుగా, ఉప్పు చల్లినట్టు వచ్చింది

ప్రైమర్ అంటే రంగుకి ముందు వేసే పూత. అది గరుకుగా రావడానికి రెండు కారణాలు. మిట్టమధ్యాహ్నం దూరం నుంచి కొడితే ఆ తుంపర బొమ్మని చేరేలోపే గాలిలో ఆరిపోయి పొడిలా పడుతుంది. ముసురు రోజున కొడితే తేమ పట్టి తెల్లగా మసకబారుతుంది. ఎండాకాలం పొద్దున ఎనిమిదింటికి, వానాకాలం వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం, పల్చగా రెండు మూడు సార్లు. సముద్రానికి దగ్గర ఉండేవాళ్లు బ్రష్‌తో రాసే ప్రైమర్ వాడటమే మేలు. పాలిమర్ క్లే బొమ్మ మీద స్ప్రే అసలు వద్దు, కొన్ని స్ప్రేలు దాని మీద ఎన్ని నెలలైనా జిగటగానే ఉండిపోతాయి.

బేస్ మీద రాళ్లు, మట్టి ఏం వాడతారు?

ఇందులో మనం అదృష్టవంతులం. పగిలిన మార్కాపురం పలక ముక్కని అంచు మీద తట్టండి, పొరలు పొరలుగా లేస్తుంది, ఆ చిన్న ముక్క బొమ్మ కింద పెడితే అచ్చం కొండ చరియ. పెన్నా ఇసుక టీ వడగట్టే జల్లెడలో జల్లించి వాడండి. మైపాడు, కొత్తపట్నం బీచ్ ఇసుక తెస్తే మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి, లేకపోతే ఉప్పు తేమ లాగి రంగు కింద నుంచి తెల్లగా పొంగుతుంది. చీమకుర్తి గ్రానైట్ ముక్కలు కూడా పెట్టి చూశాను, ఆ బంగారు మెరుపు చుక్కలు బొమ్మ పక్కన పళ్లెమంత కనబడతాయి, పనికిరాలేదు.

## కాపీలు, ఆరోగ్యం, అమ్మకం

వలలకి కట్టే సీసం గుండ్లు కరిగించి పోత పోయొచ్చా?

వద్దు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, గ్యాస్ పొయ్యి మీదే నీళ్లలా అయిపోతుంది, ఆ సులువే ప్రమాదం. దాని పొగ, పైన తేలే బూడిద ఇంట్లో చేరితే పిల్లల మెదడు మీద దెబ్బ, పిల్లల రక్తంలో ఇంత ఉన్నా పర్లేదు అనే మోతాదే లేదు. చిన్న నీటిబొట్టు పడినా ముఖం మీదికి చిమ్ముతుంది. కాపీలు కావాలంటే సిలికాన్ అచ్చు తీసి రెజిన్ (పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) పోయండి.

సిలికాన్ అచ్చు సగం ఆరి సగం జిగటగా ఉండిపోయింది, రెజిన్‌లో నురగ వచ్చింది

ప్లాటినం రకం సిలికాన్‌కి గంధకం పడదు, గంధకం ఉన్న మట్టి, రబ్బరు లేటెక్స్ గ్లోవ్స్ తగిలినా ఆరదు. నైట్రైల్ గ్లోవ్స్ వాడండి. రెజిన్ నురగకి కారణం తేమ, పాలీయురిథేన్ రెజిన్ గాలిలో నీటిని పట్టుకుంటే గ్యాస్ పుడుతుంది. నవంబరు వానల్లో ఆ డబ్బా మూత తెరవకపోవడం మంచిది.

కంపెనీ బొమ్మకి అచ్చు తీసి నాలుగు పోసుకుంటే తప్పా?

తప్పే. మన 1957 కాపీరైట్ చట్టంలో శిల్పం కూడా కళాకృతి కిందికే వస్తుంది. చూసి నేర్చుకోండి, మీది మీరు చేయండి.

చేతులు దురద పెడుతున్నాయి

ఆపేయండి, సబ్బుతో కడగండి, తగ్గకపోతే చర్మం డాక్టర్ దగ్గరికి పోండి. ఆరని ఎపాక్సీ కొంతమందికి ఎలర్జీ తెస్తుంది, ఒకసారి పట్టుకుంటే ప్రతిసారీ వస్తుంది. ముందు నుంచే గ్లోవ్స్ వేసుకుంటే గొడవ లేదు. అరగదీసేటప్పుడు నీళ్లతో తడిపి అరగదీయండి, మాస్క్ పెట్టుకోండి.

3డి ప్రింటర్లు వచ్చేశాయి కదా, ఇంకా చేత్తో ఎందుకు?

యాభై మంది సైనికులు ఒకే రకంగా కావాలంటే ప్రింటరే మేలు, నేనూ అదే చెప్తాను. నాకు ఆ స్క్రీన్ ముందు కూర్చోవడం ఇష్టం లేదు, ఆఫీసులో రోజంతా అదే పని.

ఎంతకి అమ్మాలి?

గంటలు లెక్క రాసుకోండి. 28 ఎంఎం మనిషికి నాకు పన్నెండు నుంచి పదిహేను గంటలు, ఆరే టైము కాకుండా. ఆ లెక్కకి కూలి వేస్తే చుట్టాలు ఎవరూ కొనరు, వాళ్లకి ఊరికే ఇచ్చేయండి. కొనేది ఆట ఆడేవాళ్లు, అదీ తమ ఆటలోని పాత్రని వాళ్లు చెప్పినట్టు చేసిస్తేనే.

బస్సులో హైదరాబాద్ తీసుకెళ్లాలి, విరక్కుండా ఎలా?

దూది చుట్టొద్దు, కత్తి మొనకి, వేళ్లకి పోగులు తగులుకుని లాగేస్తాయి. స్వీట్ డబ్బా అడుగున చిన్న ఇనుప రేకు అంటించి, బొమ్మ బేస్ కింద పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ముక్క అంటించండి. తలకిందులు చేసినా కదలదు. పార్సిల్ వేయొద్దు, ఒకసారి వేశాను, పెట్టె మీద పెద్ద అక్షరాలతో జాగ్రత్త అని రాసినా గిత్త రెండు కొమ్ములూ, ఒక కాలూ విడిగా చేరాయి. అప్పటి నుంచి డబ్బా ఒళ్లో పెట్టుకునే పోతున్నాను, కిటికీ పక్క సీటు వద్దు, ఎండ పడుతుంది.